అమ్మానాన్నలతో అమాల్ఫి తీరానికి వెళ్తున్నారా? టూర్‌కి డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి

యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు చాలామంది, ఊరి నుంచి అమ్మానాన్నలు రాగానే ఇటలీ ప్రయాణం పెట్టుకుంటారు. రోమ్ చూసి, రైల్లో నేపుల్స్ చేరి, అక్కడి నుంచి అమాల్ఫి తీరానికి ఒకటి రెండు రోజులు గైడ్ ఉండే చిన్న గ్రూప్ టూర్ తీసుకుంటారు. మేమూ అదే చేశాం. అమ్మకు అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పి. నాన్నకు షుగర్. బయలుదేరే ముందు మా టెన్షన్ అంతా జేబుదొంగల గురించే. తీరా అక్కడ మమ్మల్ని ఇబ్బంది పెట్టినవి మూడు: మెట్లు, మలుపులు, భోజనం వేళలు. మూడూ ముందే తెలిసి ఉంటే సర్దుకోగలిగినవే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక్కో రోజు తిరిగేది కొద్ది గంటలే కావడంతో ఏ కాస్త ఆలస్యమైనా మళ్లీ పూడ్చుకోవడానికి సమయం ఉండదు. వ్యాన్‌లో ఉండేది ఏడెనిమిది మంది. అమ్మ మెట్ల మీద పది నిమిషాలు కూర్చుంటే మిగతావాళ్లంతా ఆగాలి. "నా వల్ల అందరికీ లేటవుతోంది" అని పెద్దవాళ్లు నొప్పిని పైకి చెప్పకుండా గబగబా నడుస్తారు. కాలు మడతపడేది అప్పుడే. టూర్ ఎంచుకునేటప్పుడు మనసులో పెట్టుకోవాల్సింది ఇదే.

బుక్ చేసే ముందు అడగాల్సినవి

"చిన్న గ్రూప్" అంటే ఎంతమందో అంకెతో చెప్పమనండి. కొందరికి ఎనిమిది మంది, కొందరికి ఇరవై ఐదు మంది కూడా చిన్న గ్రూపే. ఎనిమిది సీట్ల వ్యాన్ అయితే పోసితానోలోనూ అమాల్ఫిలోనూ ఊరికి దగ్గరగా దింపగలరు. ఏ ఊళ్లో ఎంతసేపు ఆగుతారో, ఎక్కడ దింపుతారో, అక్కడి నుంచి ఎన్ని మెట్లు దిగాలో మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో "నో ప్రాబ్లమ్" అని చెప్పేసిన మాట తర్వాత పనికిరాదు. మాకు ఒక ఏజెంట్ "నడక చాలా తక్కువ" అన్నాడు. పోసితానోలో పై రోడ్డు మీద దింపి, "బీచ్ కింద ఉంది, గంటన్నరలో ఇక్కడికే రండి" అన్నారు. దిగడం దిగాం గానీ, తిరిగి ఎక్కేటప్పుడు అమ్మ ప్రతి ఇరవై మెట్లకూ ఒకసారి ఆగింది.

వచ్చేది గైడా, డ్రైవరా అన్నది కూడా అడగాలి. ఇటలీలో గైడ్‌గా పనిచేయడానికి లైసెన్స్ ఉండాలి. తక్కువ ధరకు దొరికే చాలా టూర్లలో ఇంగ్లిష్ మాట్లాడే డ్రైవరే కబుర్లు చెబుతూ తీసుకెళ్తాడు. తీరం చూడటానికి అది చాలు. పొంపేయి (అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ నగరం) శిథిలాల్లోకి మాత్రం అతను మీతో వచ్చి వివరించలేడు. దానికి లైసెన్స్ ఉన్న గైడ్ వేరుగా ఉండాలి.

పొంపేయి అన్నాను కాబట్టి ఇంకో మాట. ఒకే రోజులో పొంపేయి, సొరెంటో, పోసితానో, అమాల్ఫి అన్నీ చూపిస్తామనే టూర్లు బోలెడు. అరవై దాటినవాళ్లతో అది తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. పొంపేయి రాళ్ల బాట ఎగుడుదిగుడుగా ఉంటుంది, నీడ బాగా తక్కువ. అక్కడే కాళ్లు అయిపోతాయి. ఇక సాయంత్రం దాకా వ్యాన్‌లో కూర్చుని కిటికీలోంచి చూడటమే. పొంపేయికి ఇంకో రోజు కేటాయించండి. 2024 నవంబరు నుంచి అక్కడ రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, టిక్కెట్ మీద పేరు ఉంటుంది. కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఇచ్చి ముందే తీసుకోండి.

నెలల విషయానికొస్తే, మన పిల్లల సెలవులకు సరిపోయే మే నెల ఈ తీరానికి చాలా మంచిది. సెప్టెంబరు చివరి వారాలూ బాగుంటాయి. ఆగస్టు వద్దు. ఆగస్టు 15 ఇటలీలో ఫెర్రగోస్తో పండుగ, ఆ ముందూ వెనకా దేశం దేశమంతా బీచ్‌ల మీదే ఉంటుంది. అక్టోబరు దాటాక వానలు మొదలై, కొండ రాళ్లు జారిపడి రోడ్డు మూసేసే రోజులుంటాయి. ఎప్పుడు వెళ్లినా ముందురోజు రాత్రి వాతావరణ హెచ్చరిక చూసుకోండి. పసుపు, నారింజ, ఎరుపు రంగులతో ప్రకటిస్తారు. నారింజ గానీ ఎరుపు గానీ అయితే టూర్ సంగతి ఆపరేటర్‌తో మాట్లాడాల్సిందే.

ఘాట్ రోడ్డు

సొరెంటో వైపు నుంచి వియెత్రి సుల్ మారే దాకా సుమారు 50 కిలోమీటర్ల రోడ్డు అది, నంబరు 163. పంతొమ్మిదో శతాబ్దంలో కొండ చెక్కి వేసింది. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క కింద సముద్రం. మలుపులో పెద్ద బస్సు ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి తీయాలి. మారేడుమిల్లి ఘాట్‌లో కడుపులో తిప్పినవాళ్లకు ఇక్కడా తప్పకుండా తిప్పుతుంది. కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుదామనే ఆలోచన మానుకోండి. రద్దీ రోజుల్లో సరి, బేసి నంబరు ప్లేట్ల నిబంధన ఉంటుంది, పార్కింగ్ దొరకడం గగనం.

వాంతుల మాత్ర వేసుకునేట్టయితే ముందే డాక్టర్ని అడగండి, ముఖ్యంగా బీపీ మందులు వాడేవాళ్లు. అవోమిన్ లాంటివి నిద్రమత్తు తెస్తాయి. ఆ మత్తులో మెట్లు దిగడం ప్రమాదం. అందుకే ముందు మాత్ర లేకుండా చేయగలిగింది చేయండి. తెల్లవారి టిఫిన్ తేలిగ్గా తినడం, ముందు సీటు అడగడం, ఫోన్‌లో తల దూర్చకుండా దూరంగా చూడటం. సొరెంటో నుంచి అమాల్ఫి వైపు వెళ్లేటప్పుడు సముద్రం కుడి పక్కన ఉంటుంది. అందం చూడాలంటే కుడి వైపు కూర్చోండి, ఎత్తు చూస్తే గుండె దడ వచ్చేవాళ్లను ఎడమ వైపు కూర్చోబెట్టండి.

మెట్లు

పోసితానో అంటేనే మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది బీచ్ దాకా దిగి తీరాలని ఏమీ లేదు. ఊరి లోపల తిరిగే చిన్న బస్సు ఒకటుంది, దానిలో తిరిగినా ఊరు కనిపిస్తుంది. పెద్దవాళ్ల కోసం నాకు నచ్చిన ఊరు రవెల్లో. సముద్రానికి 365 మీటర్ల ఎత్తున ఉంటుంది. వ్యాన్ దాదాపు ఊరి చౌరస్తా దాకా వెళ్తుంది, అక్కడి నుంచి నేల చాలావరకు సమంగా ఉంటుంది. విల్లా రూఫొలో తోట చౌరస్తాలోనే ఉంది. విల్లా చింబ్రోనే తోటకు మాత్రం ఇంకొంత నడవాలి, దారిలో ఎక్కుడు ఉంది. అమాల్ఫి ఊళ్లో పెద్ద వీధి చదునే. సెయింట్ ఆండ్రూ చర్చికి 62 మెట్లు. కింద చౌరస్తాలో కూర్చుని చూసినా ఆ చర్చి ముఖం చాలా అందంగా కనిపిస్తుంది.

"దేవతల బాట" అనే కొండదారి పేరు విని చాలామంది నడుద్దామనుకుంటారు. అజెరోలా దగ్గర బొమెరానోలో మొదలై నొచెల్లె దాకా ఆరేడు కిలోమీటర్లు. దారి ఇరుకు, ఒక పక్క లోయ, నీడ తక్కువ. నొచెల్లె చేరాక అయిపోయిందనుకుంటే, పోసితానోకు ఇంకా 1500కు పైగా మెట్లు దిగాలి. అందరూ కష్టమంటే ఎక్కడమే అనుకుంటారు, మోకాళ్లను పిండేది దిగడం. నొచెల్లె నుంచి బస్సు ఉంది, దాని వేళలు ముందే చూసి పెట్టుకోండి. పట్టు ఉన్న బూట్లు లేకుండా ఈ దారిలో అడుగు పెట్టకండి.

బట్టల సంగతీ చెప్పాలి. అమ్మ చీరే కట్టుకుంటానంటే కాదనకండి, కానీ కుచ్చిళ్లు పాదాల మీదికి రాకుండా కాస్త ఎత్తుగా కట్టుకోమనండి. బోటు ఎక్కే రోజు చుడీదార్ మేలు. హవాయి చెప్పులు హోటల్ గది వరకే. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. కుర్రాళ్లకు కూడా ఇంకో మాట: సొరెంటోలో 2022 నుంచి ఈత బట్టలతో, చొక్కా లేకుండా వీధుల్లో తిరిగితే 500 యూరోల దాకా జరిమానా ఉంది. పోసితానోలో రాత్రి బస అయితే చక్రాల సూట్‌కేసు పెద్ద బరువు. ఒక రాత్రికి కావాల్సినవి భుజాన వేసుకునే సంచిలో సర్దుకోండి, మిగతాది నేపుల్స్‌లో వదిలేయండి.

బోటు, సముద్రం

మనలో ఈత రానివాళ్లే ఎక్కువ, ముఖ్యంగా మన అమ్మల తరంలో. ఇది చెప్పుకోవడానికి సిగ్గు పడాల్సిన పని లేదు. బోటు ఎక్కగానే కెప్టెన్‌తో చెప్పండి: "మాలో ఇద్దరికి ఈత రాదు, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయి?" వాటిని సీటు కింద ఉంచుతారు, అడిగితేనే బయటికి తీస్తారు. పెద్దవాళ్లకూ పిల్లలకూ వెంటనే తొడిగేయండి.

వేసవిలో ఈ నీళ్ల మీద పడవల రద్దీ చాలా ఎక్కువ. ఇటలీలో 40 హార్స్‌పవర్ వరకు ఇంజిన్ ఉన్న చిన్న బోటును లైసెన్స్ లేకుండానే అద్దెకు తీసుకోవచ్చు. అంటే మీ పక్క బోటు నడిపేవాడికి అదే మొదటి రోజు కావచ్చు. 2023 ఆగస్టులో ఇదే తీరంలో కెప్టెన్ ఉన్న అద్దె బోటే పెద్ద తెరచాప పడవను ఢీకొని, ఒక పర్యాటకురాలు చనిపోయింది. కాబట్టి మీరే నడుపుకునే బోటు వద్దు. బోటు కదులుతున్నప్పుడు ముందు కొస మీద పడుకుని ఫోటోలు దిగొద్దు. నీళ్లలో దిగేవాళ్లు ఇంజిన్ ఆగిందని కెప్టెన్ చెప్పాకే దిగాలి, బోటుకు దగ్గరగానే ఉండాలి.

బీచ్‌లు మన విశాఖ లాగా ఇసుకవి కావు, గులకరాళ్లవి. నాలుగడుగులు వేస్తే లోతు వచ్చే చోట్లున్నాయి. నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు కొనుక్కోండి, ఒళ్లంతా ముళ్లుండే ఉర్చిన్ అనే సముద్ర జీవుల నుంచీ కాపాడతాయి. ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగకూడదు. జెల్లీఫిష్ తగిలితే రుద్దకండి, మంచినీళ్లతో కడగకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి బీచ్ గార్డుకు చూపించండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా 112కు ఫోన్ చేయండి.

కాప్రి దీవిలోని నీలి గుహ టూర్‌లో ఉందంటే, అది గ్యారంటీ కాదని గుర్తుంచుకోండి. గుహ ద్వారం సుమారు మీటరు ఎత్తే. చిన్న తెడ్ల పడవలోకి మారి, వెల్లకిలా పడుకుని లోపలికి వెళ్లాలి. అల లేస్తే మూసేస్తారు. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఆ పడవ మార్పిడే కష్టం. సముద్రం బాగాలేక బోటు ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, బదులుగా వ్యాన్‌లో తీసుకెళ్తారా అన్నది బుకింగ్ రోజే అడగండి.

తిండి, మందులు

షుగర్ ఉన్నవాళ్లకు నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే. అక్కడ హోటళ్లలో మధ్యాహ్నం భోజనం సాధారణంగా పన్నెండున్నర నుంచి రెండున్నర, మూడు దాకా. తర్వాత వంట మూసేసి రాత్రి ఏడు, ఏడున్నరకు తెరుస్తారు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని మూడు దాటిందా, బార్‌లో దొరికే శాండ్‌విచ్చే గతి. మా నాన్న మందు వేసుకుని తినకుండా రెండు గంటలు వ్యాన్‌లో ఉండిపోయారు. చేతులు వణకడం మొదలయ్యాక చెప్పారు. సంచిలో పల్లీ పట్టీలు ఉన్నాయి కాబట్టి గట్టెక్కాం. పల్లీ పట్టీ, గ్లూకోజ్ బిళ్లలు, అరటిపండు మీ చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు. ఇంటి నుంచి తెచ్చేవాళ్లకు జాగ్రత్త: మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. నాటుకోడి పచ్చడి, పాలకోవా ఎయిర్‌పోర్టులోనే పారేస్తారు.

శాకాహారులకు తిండి దొరకదన్న భయం అక్కర్లేదు. "సోనో వెజెతరియానో" (ఆడవాళ్లయితే "వెజెతరియానా") అని చెప్పి, "సెంజా కార్నే, సెంజా పేషే" అనండి, అంటే మాంసం వద్దు, చేప వద్దు. మరినారా పిజ్జా పేరు చూసి చేపలుంటాయనుకుంటారు, అది టొమాటో, వెల్లుల్లి పిజ్జా, చీజ్ కూడా ఉండదు. సొరెంటో న్యోక్కి బంగాళదుంప ఉండలు, టొమాటో, చీజ్‌తో చేస్తారు. సూప్ అయితే మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో అడగాలి. పర్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు, నియమంగా ఉండేవాళ్లు అది వేయొద్దని చెప్పండి. నిమ్మకాయ కేకు "దెలీజియా అల్ లిమోనే" నోరూరిస్తుంది, కానీ దాన్ని లిమొన్‌చెల్లోతో తడుపుతారు, అది మద్యం. బిల్లులో "కొపెర్తో" అని మనిషికి ఒకటి రెండు యూరోలు పైన వేస్తే మోసం కాదు, టేబుల్ చార్జీ.

వీసాకు తీసుకునే ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది నిబంధన. అయితే ముందునుంచి ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులకు అది వర్తిస్తుందో లేదో విడిగా చదవాలి. చవకైన పాలసీల్లో చాలావాటికి వర్తించదు. మందులు రెండు చోట్ల సర్దండి. డాక్టర్ చీటీలో మందు అసలు పేరు (జెనెరిక్ పేరు) ఉండాలి, మన బ్రాండ్ పేర్లు అక్కడి మందుల షాపులో తెలియవు.

తిరుగు ప్రయాణానికి టూర్ ముగిసిన రాత్రే విమానం పెట్టుకోకండి. ఇటలీలో బస్సు, రైలు సమ్మెలు మామూలే. ముందే ప్రకటిస్తారు, "షోపెరో" అన్న మాట కనిపిస్తే అదే. నేపుల్స్ ఎయిర్‌పోర్టు ట్యాక్సీల్లో నిర్ణీత ధర ఉంటుంది, ఎక్కేముందే "తరిఫా ఫిస్సా" అని అడగాలి. నేపుల్స్, సొరెంటోల మధ్య లోకల్ రైల్లో సంచి ముందు వైపు వేసుకోండి.

చివరగా ఒక చిన్న కాగితం. డ్రైవర్ ఫోన్ నంబరు, వ్యాన్ నంబరు, తిరిగి కలవాల్సిన చోటు పేరు ఇటాలియన్‌లో, మీ నంబరు, హోటల్ అడ్రస్ రాసి, ఒకటి నాన్న చొక్కా జేబులో, ఒకటి అమ్మ పర్సులో పెట్టండి. ఆ కొండల మధ్య ఫోన్ సిగ్నల్ పోతుంది, చార్జింగ్ అయిపోతుంది. అమాల్ఫి చౌరస్తాలో మేం ఇరవై నిమిషాలు నాన్న కోసం వెతికాం. ఆయన మాత్రం ఐస్‌క్రీమ్ దుకాణం అమ్మాయికి ఆ కాగితం చూపించి, వ్యాన్ దగ్గరికి మాకంటే ముందే చేరుకున్నారు.