భీమవరం ఉక్కలో గ్రాఫిక్స్ కార్డు: నా అనుభవం

మా భీమవరంలో మే నెల ఉక్క సంగతి తెలిసిందే, రాత్రి పదింటికి కూడా ఏసీ లేని గది చల్లబడదు. నా పాత గ్రాఫిక్స్ కార్డు స్టాక్ కూలర్‌ది, అంటే చిప్ కంపెనీ డిజైన్‌తోనే వచ్చేది, ఒకటే బ్లోయర్ ఫ్యాను. గేమ్ మొదలైన కాసేపటికే 83 డిగ్రీలకి చేరి, క్లాక్ స్పీడ్ (చిప్ పనిచేసే వేగం) తనంతట తనే తగ్గించేసుకుని, పైగా హెయిర్ డ్రయ్యర్‌లా ఒకటే మోత. హాల్లోంచి అమ్మ ‘ఏంట్రా ఆ రొద’ అని రోజూ అరుపు.

అదే చిప్ ఉన్న మూడు ఫ్యాన్ల కస్టమ్ కార్డు (కార్డు కంపెనీ సొంత కూలర్ పెట్టినది) తీసుకున్నా. మోత పోయింది గానీ ఈసారి సీపీయూ (ప్రాసెసర్) వేడెక్కడం మొదలైంది! బ్లోయరైతే వేడిగాలిని చాలావరకు వెనక నుంచి బయటికి నెట్టేస్తుంది, ఈ మూడు ఫ్యాన్లేమో క్యాబినెట్‌లోనే వదిలేస్తాయి, ముందువైపు అద్దంతో మూసేసిన నా క్యాబినెట్‌లో ఆ గాలికి దారేదీ? అద్దం తీసి జాలీ పెట్టించా, ముందు రెండు 120 ఎంఎం ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. తర్వాత ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు వోల్టేజ్ కాస్త తగ్గించా. ఇప్పుడు కార్డు 75 డిగ్రీలు దాటడం అరుదు.

ఫ్యాక్టరీ ఓవర్‌క్లాక్ (కంపెనీయే కాస్త వేగం పెంచి అమ్మేది) అని ఎక్కువ డబ్బు పెట్టకండి, తేడా సెకనుకి కొద్ది ఫ్రేములే. కొనే ముందు పొడవు కొలుచుకోండి, మూడు ఫ్యాన్లవి 30 సెంటీమీటర్లు దాటేవీ ఉన్నాయి. గాలాడని చిన్న క్యాబినెట్ మార్చే ఉద్దేశం లేకపోతే మాత్రం బ్లోయరే నయం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సరి.