మాన్యువల్‌లో హెచ్చరిక త్రికోణం సరిగా రావడం లేదా? డాక్‌బుక్ ఐకాన్ల సమస్యలు, పరిష్కారాలు

పర్లాకిమిడి చుట్టుపక్కల రైసు మిల్లుల యంత్రాలకు డాక్‌బుక్‌లో (మాన్యువల్స్ రాయడానికి వాడే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి) మాన్యువల్స్ తయారు చేస్తుంటాను. ఒకే మెషిన్ దగ్గర పెద్దాయన తెలుగు మాత్రమే చదువుతారు, పక్కన కుర్రాడు ఒడియా మీడియంలో చదువుకున్నాడు. పుస్తకం రెండు భాషల్లోనూ వేస్తాం. అయినా బెల్టు తిరుగుతుండగా చెయ్యి పెట్టవద్దు అనే చోట ఇద్దరి కంటా ముందు పడేది పసుపు త్రికోణమే. అందుకే ఐకాన్ ఫైళ్ల విషయంలో నేను రాజీ పడను.

ఐకాన్ అసలు రావడం లేదు

హెచ్చరిక అక్షరాలు మాత్రమే ఉండి బొమ్మకు చోటే లేదంటే, స్టైల్‌షీట్‌లో (రాసినదాన్ని వెబ్ పేజీగా, పీడీఎఫ్‌గా మార్చే నియమాల ఫైల్) 'అడ్మాన్.గ్రాఫిక్స్' పారామీటర్, అంటే హెచ్చరికలకు బొమ్మ పెట్టాలా వద్దా అని చెప్పే సెట్టింగ్, ఇంకా 0 దగ్గరే ఉంది. మొదట ఉండే విలువ అదే. దాన్ని 1 చేయండి. ఆ మార్పు మీ సొంత కస్టమైజేషన్ ఫైల్లో (మీ మార్పులు మాత్రమే రాసుకునే విడి ఫైల్) పెట్టండి. అసలు స్టైల్‌షీట్‌లో పెడితే కొత్త వెర్షన్ వేసిన రోజు పోతుంది.

చోటు ఉంది, విరిగిన బొమ్మ గుర్తు కనిపిస్తోంది అంటే కారణం వేరు. స్టైల్‌షీట్ ఫోల్డర్ దారి, 'వార్నింగ్' అనే పేరు, ఎక్స్‌టెన్షన్ (ఫైల్ పేరు చివరి భాగం) ఈ మూడింటినీ అతికించి ఒక చిరునామా రాస్తుంది, అంతే. అక్కడ ఫైల్ ఉందో లేదో చూడదు, ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టదు. ఇమేజెస్ ఫోల్డర్‌ను హెచ్‌టీఎంఎల్ పేజీల పక్కన మీరే పెట్టాలి. మీ దగ్గర ఎస్‌వీజీ ఫైళ్లుంటే (బొమ్మను పిక్సెళ్లుగా కాక గీతలుగా దాచే ఫార్మాట్) ఎక్స్‌టెన్షన్ పారామీటర్‌లోనూ '.ఎస్‌వీజీ' అనే ఉండాలి. విండోస్‌లో బాగా వచ్చి లినక్స్ సర్వర్ మీద మాయమైతే, ఫైల్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వెతకండి. పీడీఎఫ్‌లో మాత్రమే రాకపోతే దారిని పూర్తిగా, డ్రైవ్ నుంచి రాసి చూడండి.

చుట్టూ తెల్ల పెట్టె, అంచుల్లో మరకలు

ఇది జేపెగ్ పని. జేపెగ్‌లో పారదర్శకత లేదు, పైగా అది బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి కుదిస్తుంది. ఫోటోకు ఆ పద్ధతి బాగుంటుంది. నల్ల అంచు, పసుపు రంగు పక్కపక్కనే ఉన్న త్రికోణానికి మాత్రం అంచు వెంట మసి పూసినట్టవుతుంది. ఫైల్ పేరు చివర '.పీఎన్‌జీ' అని మార్చితే లోపలి ఫార్మాట్ మారదు. జేపెగ్‌ను పీఎన్‌జీగా కన్వర్ట్ చేసినా పాత మరకలు అలాగే ఉంటాయి. అసలు డ్రాయింగ్ తెరిచి మళ్లీ పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి.

జిఫ్ వాడితే రంగు పెట్టె మీద అంచు తెల్లగా, పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. జిఫ్‌లో ఒక్కో పిక్సెల్ పూర్తిగా కనిపించాలి, లేదా పూర్తిగా మాయమవ్వాలి. పీఎన్‌జీలో సగం పారదర్శకత కుదురుతుంది.

స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్‌లో మసక

వెబ్ కోసం చేసిన 36 పిక్సెళ్ల ఐకాన్‌ను కాగితం మీద అర అంగుళం వెడల్పున వేస్తే అంగుళానికి 72 పిక్సెళ్లే వస్తాయి. 300 కావాలంటే అదే కొలతకు 150 పిక్సెళ్ల బొమ్మ ఉండాలి. ఎస్‌వీజీ అయితే ఈ లెక్కే అక్కర్లేదు, గీతలు ఏ సైజుకైనా పదునుగా వస్తాయి. పీడీఎఫ్‌కు నేను ఎస్‌వీజీనే వాడతాను.

ఎస్‌వీజీలో ఒక్క జాగ్రత్త. ఆశ్చర్యార్థకాన్ని టైప్ చేసి పెడితే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆకారం మారిపోతుంది. ఇంక్‌స్కేప్‌లో 'ఆబ్జెక్ట్ టు పాత్' చేసి దాన్ని గీతగా మార్చండి.

జిరాక్స్ తీస్తే త్రికోణం పోతోంది

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. మిల్లుల్లో అసలు పుస్తకం ఆఫీసు బీరువాలో ఉంటుంది, మెషిన్ దగ్గర వేలాడేది జిరాక్స్ కాపీ. నలుపు తెలుపులో పసుపు దాదాపు తెలుపైపోతుంది. నల్ల అంచు లేని త్రికోణం కాగితంలో కలిసిపోతుంది. ఐఎస్ఓ 7010 (భద్రతా గుర్తుల అంతర్జాతీయ ప్రమాణం) లోని సాధారణ హెచ్చరిక గుర్తుకు నల్ల అంచు ఉంది, మీ ఐకాన్‌కూ గట్టిగా పెట్టండి. కాషన్ (జాగ్రత్త), వార్నింగ్ (హెచ్చరిక) రెండింటికీ ఒకే ఆకారం గీసి రంగు మాత్రమే మార్చితే జిరాక్స్‌లో రెండూ ఒకటైపోతాయి, కాబట్టి ఆకారమే మార్చాలి. 'అడ్మాన్.టెక్స్ట్‌లేబుల్' 1 గానే ఉంచితే గుర్తు పక్కన మాట కూడా ఉంటుంది. డాక్యుమెంట్‌లో భాష కోడ్ ఇవ్వడం మరిచిపోతే ఆ మాట ఇంగ్లిష్‌లో పడుతుంది, తెలుగుకు, ఒడియాకు విడివిడిగా ఇవ్వండి.

పంపే ముందు ఒక పేజీని జిరాక్స్ తీసి, ఆ కాపీకి మళ్లీ జిరాక్స్ తీయండి. దాన్ని గోడకు అంటించి నాలుగడుగులు వెనక్కి వేసి చూడండి. త్రికోణం పోల్చుకోలేకపోతే మళ్లీ డ్రాయింగ్ దగ్గరికే వెళ్లి అంచు లావు చేయాలి.