పెల్లెట్ పొయ్యి పొగ పెడుతోందా? ఫ్యాన్ సంగతి ఆఖర్న చూద్దాం

బెంగళూరు కె.ఆర్.పురంలో మా మేడ మీద రేకుల షెడ్డు కింద పెల్లెట్ పొయ్యి ఉంది. పెల్లెట్లంటే రంపపు పొట్టు, పంట చెత్త లాంటివి గట్టిగా నొక్కి చేసిన చిన్న కడ్డీ ముక్కలు. కందిపొడి, కరివేపాకు పొడి, పచ్చళ్ల తాలింపులు, నా ఆర్డర్లన్నీ దాని మీదే. మదనపల్లె నుంచి వచ్చిన చుట్టాలు అది చూసి ముచ్చటపడి కొనుక్కుంటారు. నెల తిరక్కుండానే "వదినా, పొగ పెడుతోంది, ఫ్యాన్ పోయినట్టుంది" అని ఫోన్. ఫ్యాన్ పోవడం చాలా అరుదు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

నాది అడుగున చిన్న ఫ్యాన్ ఉండి, పైనుంచి వెలిగించే రకం. ఈ తరహాలో పేరు పడ్డ 'ఊర్జా' పొయ్యి డిజైను మన బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో పుట్టిందే. ఫ్యాన్ గాలి రెండు దారుల్లో పోతుంది. కింది కన్నాల్లోంచి వచ్చే గాలికి పెల్లెట్లు రాజుకుని గ్యాసు వదులుతాయి. పై వరస కన్నాల గాలి ఆ గ్యాసును మండిస్తుంది. మండకుండా తప్పించుకున్న గ్యాసే మనకి కనిపించే పొగ.

అందుకే పొగ రాగానే పై కన్నాలు చూడండి. పెల్లెట్లు అక్కడిదాకా నింపేస్తే గాలికి దారేదీ? వాటికి వేలెడు కిందే ఆపాలి. పొంగిన పులుసు, నూనె మసి అడ్డుపడ్డా అంతే. చల్లారాక సన్నని మేకుతో పొడిచి తియ్యండి. వంట మధ్యలో గుప్పెళ్లతో పెల్లెట్లు పొయ్యడం మాత్రం మానుకోవాలి. మా కింది ఇంటావిడ "హొగె, హొగె" (కన్నడంలో పొగ) అని కేకేసిందంటే మా ఆడపడుచు ఆ పనే చేస్తోందని అర్థం.

పై కన్నాలు బాగానే ఉన్నాయా, అయితే చెమ్మ. జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ ఊళ్లో సంచి విప్పి పెడితే చాలు, పెల్లెట్లు గాలిలో తడి పీల్చేస్తాయి. ఒకటి తీసి విరవండి. టక్కున విరిగితే మంచిది. మెత్తగా నలిగి పొట్టు రాలితే అది వెలగదు, వెలిగినా పొగే. కాస్త చెమ్మ అయితే ఎండలో పల్చగా పరిస్తే సరిపోతుంది. ఉబ్బిపోయినవి మాత్రం పనికిరావు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ము కొనండి, దాన్ని చెక్క పలక మీద పెట్టండి, నేల మీద కాదు. సంచి అడుగున మిగిలే పొట్టును జల్లెడ పట్టి పక్కన పెట్టండి, అది గాలి సందుల్ని పూడ్చేస్తుంది.

వెలిగించేటప్పుడు పైన నాలుగు కొబ్బరి పీచు ముక్కలు, కర్పూరం బిళ్ల చాలు. పైపొర ఎర్రబడేదాకా ఫ్యాన్ తక్కువలో ఉంచండి. మొదట్లోనే ఫుల్లుగా పెడితే మంట ఆరిపోతుంది. మంట అందుకున్నాక కిరోసిన్ చల్లే సాహసం వద్దు.

మంట పలచబడి, అడుగున రాళ్లలాంటి చిట్టెం గడ్డలు కనిపిస్తే తప్పు పెల్లెట్లది. రంపపు పొట్టుతో చేసినవాటికి బూడిద చాలా తక్కువ. వరి ఊకలో బూడిదే దాదాపు ఐదో వంతు. పంట చెత్తలో మన్ను కలిసిందంటే ఆ బూడిద వేడికి కరిగి గడ్డకట్టి కింది కన్నాలు మూసేస్తుంది. చల్లారాక స్క్రూడ్రైవరుతో ఊడగొట్టండి. ఈసారి ఇంకో రకం తెప్పించండి. కిలోకి రెండు రూపాయలు తగ్గించాడని అదే కొంటే రోజూ ఇదే పని.

మంట తగ్గగానే ఫ్యాన్ ఆపకండి. వేడి కిందికి దిగి ఫ్యాన్‌నే కాలుస్తుంది. ఆఖర్న మిగిలే నిప్పులకి పొగ ఉండదు, వాసనా ఉండదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. డిసెంబరు చలికి పొయ్యిని గదిలోకి తెచ్చి తలుపులేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. బూడిదను మూతున్న ఇనప బకెట్లోనే వెయ్యండి.

ఇవన్నీ చూశాక ఇక ఫ్యాన్. గాలి లాగేచోట టిష్యూ ముక్క పెట్టండి, అతుక్కుంటే బాగానే ఉంది. ఛార్జరుతో తిరిగి, బ్యాటరీతో తిరక్కపోతే పోయింది బ్యాటరీ. నెమ్మదిగా తిరుగుతుంటే రెక్కల మీద కారం దుమ్ము పేరుకుని ఉంటుంది; ప్లగ్గు తీసి పొడి బ్రష్షుతో దులపండి. అప్పటికీ కదలకపోతే ఫ్యాన్ మీద స్టిక్కరు చూడండి, వోల్టేజీ దాని మీదే ఉంటుంది. పాతది చేతిలో పట్టుకుని బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్.పి. రోడ్డుకి వెళ్తే జోడీ వెతికి ఇస్తారు.