గుడారంలో చివరి గ్లాసు దాకా క్లోరిన్ నిలవాలంటే

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నీటి సరఫరా ఇంజనీరుగా దక్షిణ సూడాన్‌లోని రెంక్‌లో ఎనిమిది నెలలు పనిచేశాను. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పటి నుంచి జోదా సరిహద్దు దాటి వచ్చేవాళ్లు ముందు చేరేది ఈ ఊరికే. పక్కనే వైట్ నైల్ పారుతుంది. అంత నది ఉన్నా తాగడానికి మంచినీళ్లు లేవు. 2024 అక్టోబర్ 28న కలరా ప్రకటించింది కూడా రెంక్‌లోనే.

ఇలాంటి పనికి బయల్దేరే కుర్రవాళ్లు ఫోన్ చేసి, "అక్కా, క్లోరిన్ ఎంత కలపాలి?" అని అడుగుతుంటారు. కాగితం చూసి చెప్పే అంకె కాదది. ఏ రోజు నీళ్లకు ఆ రోజే కనుక్కోవాలి.

ముందు నీళ్లు తేరుకోవాలి. బురద నీళ్లలో క్లోరిన్ పోస్తే అది బురదకే సరిపోతుంది, క్రిములు మిగులుతాయి. మా అమ్మమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. శిబిరంలో ఆ పని పటిక చేస్తుంది. నాలుగు బకెట్లలో నది నీళ్లు పట్టి, పటిక ద్రావణం ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు వేయండి. ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పి వదిలేయండి. తక్కువ పటికతో బాగా తేరిన బకెట్ మోతాదునే ట్యాంకుకు లెక్కకట్టండి. మడ్డి 5 ఎన్‌టీయూ (నీటి మడ్డిని కొలిచే కొలమానం) లోపుకు రావాలి. పైన తేరిన నీళ్లను వేరే ట్యాంకులోకి తోడాకే క్లోరిన్.

మన పంచాయతీల్లో వాడే బ్లీచింగ్ పౌడర్ కాదు, అక్కడ వాడేది హెచ్‌టీహెచ్ అనే ఘాటైన క్లోరిన్ పొడి. దాంట్లో 65 నుంచి 70 శాతం క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్లలో 15 గ్రాములు కలిపితే ఒక శాతం ద్రావణం అవుతుంది. ప్లాస్టిక్ పాత్రే వాడండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, గాలి ఆడేచోట కలపండి. నీళ్లలో పొడి వేయాలి, పొడి మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. పటిక డబ్బాను, డీజిల్‌ను దీని దరిదాపుల్లో ఉంచకండి. అక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే, చూడగానే పోల్చుకున్నాను. వానలు పడితే లారీ కదలదు. అందుకని మే రాకముందే సరుకు తెప్పించుకుని, నీడలో, మూత బిగించి పెట్టుకోవాలి. ఎండకు పొడి బలం తగ్గిపోతుంది.

ఇక మోతాదు. 20 లీటర్ల బకెట్లు నాలుగు తీసుకుని 3, 4, 5, 6 మిల్లీలీటర్ల ద్రావణం సిరంజితో వేయండి. మూత పెట్టి అరగంట ఆగండి. ఆ తర్వాత క్లోరిన్ పరీక్షించే డీపీడీ మాత్ర వేసి చూడండి. గులాబీ రంగు ఎంత చిక్కగా ఉంటే అంత క్లోరిన్ మిగిలినట్టు. మీకు కావలసినంత మిగిలింది 4 మిల్లీలీటర్ల బకెట్‌లో అనుకుందాం. అప్పుడు 10,000 లీటర్ల ట్యాంకుకు రెండు లీటర్ల ద్రావణం పడుతుంది.

కుళాయిల లెక్క చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, 250 మందికి ఒక కుళాయి అన్నది సహాయ శిబిరాలకు అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణం. అంటే ఒక్కో కుళాయి 3,750 లీటర్లు ఇవ్వాలి. నిమిషానికి ఏడున్నర లీటర్లు వచ్చినా ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. రెండు గంటలు తిప్పి కట్టేస్తే వెనక నిలబడ్డ ఆడవాళ్లు నదికి పోతారు. ఏ వేళకు తిప్పాలో వాళ్లనే అడగండి. మాకు వాళ్లు చెప్పింది ఎండ ముదరకముందు, మళ్లీ పొద్దు వాలాక.

కుళాయి దగ్గర లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ చూసి నేను మొదట్లో నిశ్చింతగా ఉన్నాను. ఒక సాయంత్రం ఒక ఖాల్తీ గుడారంలో నీళ్లు పరీక్షించాను. ఖాల్తీ అంటే మన పిన్ని లాంటి పిలుపు. మాత్ర వేసినా నీళ్లకు రంగు రాలేదు. పొద్దున పట్టిన నీళ్లే అవి. జెర్రీ క్యాన్‌లో ఇంతకుముందు వంటనూనె ఉండేదట, లోపలంతా పాచి. పొద్దంతా ఎండ వేడి. క్లోరిన్ మొత్తం అక్కడే ఖర్చయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని గుడారాల్లో ఇలా ఉందో!

2013లో ఇదే అప్పర్ నైల్ రాష్ట్రంలో, మబాన్ శరణార్థి శిబిరాల్లో చేసిన పరిశీలనలోనూ మార్గదర్శకాల మోతాదు ఇంటి దాకా నిలవడం లేదని తేలింది. అక్కడ 2012లో హెపటైటిస్ ఇ వ్యాపించింది. కాబట్టి లెక్క గుడారం నుంచి వెనక్కి కట్టండి. కుళాయి దగ్గర కొలిచిన నీళ్లనే ఇంటికి వెంబడించండి. నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు, మర్నాటి ఉదయానికి ఎంత మిగిలిందో రాసుకోండి. చివర్లో కనీసం 0.2 ఉండేలా ట్యాంకు మోతాదు పెంచండి. అలాగని ఇష్టం వచ్చినట్టు పెంచకండి. ఖాల్తీ ముక్కు మూసుకుని "ఆసుపత్రి వాసన" అంది. వాసన నచ్చకపోతే జనం మళ్లీ నది నీళ్లే తాగుతారు. లీటరుకు రెండు మిల్లీగ్రాములకు ఎప్పుడూ లోపలే ఉంచండి.

మోతాదు కంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది క్యాన్లు కడగడం. మూతి ఇరుకు, చెయ్యి పట్టదు. అందుకే గులకరాళ్లు, కాస్త క్లోరిన్ నీళ్లు పోసి గట్టిగా ఊపి, పారబోసి, మంచినీళ్లతో కడగాలి. వారానికోసారి కుళాయి దగ్గరే ఈ పని పెట్టాం. మూత పోయిన క్యాన్లకు మూతలు ఇచ్చాం.

మూడు వారాల తర్వాత ఖాల్తీ గుడారంలో సాయంత్రం 0.3 వచ్చింది. ఆ గులాబీ రంగు ఏమిటని అడిగింది, చెప్పాను. ఆ తర్వాత నా పరీక్ష పెట్టె కనబడితే చాలు, తానే గ్లాసులో నీళ్లు పట్టుకొచ్చి చేతికిచ్చేది.