స్లైడ్ అవుట్ సీల్ దగ్గర నీళ్ళు కారుతున్నాయా? పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

స్లైడ్ అవుట్ అంటే నివాస ట్రైలర్ గోడలోంచి బయటికి జరిగే గది భాగం, దాని అంచుల చుట్టూ నీళ్ళు రాకుండా ఉండే రబ్బరు పట్టీయే సీల్. అసలు లీకు సీల్‌దేనా అన్నది ముందు తేల్చుకోండి. పైకప్పు అంచులోనో మూల అతుకులోనో దిగిన నీరు గోడ లోపలే పారి స్లైడ్ దగ్గర బయటపడుతుంది, మనం సీల్‌ని అనుమానిస్తాం. ఒకరు లోపల టార్చితో కూర్చోండి, ఇంకొకరు పైపుతో కింది నుంచి మెల్లగా పైకి నీళ్ళు పట్టండి. లీకు ఎక్కువగా పై మూలల్లోనే దొరుకుతుంది.

ట్రైలర్ లెవెల్‌గా ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి. స్లైడ్ బయటికి తీశాక బ్యాటరీ కనెక్షన్, కరెంటు ప్లగ్ రెండూ పీకేయండి. సందులో మీ వేళ్ళు ఉండగా లోపల ఎవరైనా పొరపాటున స్విచ్ నొక్కితే చెయ్యి నలిగిపోతుంది, దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

తడి పైకప్పు ఎక్కొద్దు.

పాత సీల్ ముక్క ఒకటి కోసి దగ్గర పెట్టుకుని, అడ్డకోత ఆకారం, ఎత్తు, లోపలి గొట్టం లావు అన్నీ సరిపోయేదే కొనండి, మిల్లీమీటర్ల తేడా ఉన్నా సరిగ్గా నొక్కుకోదు. రబ్బరుకి పెట్రోలు, గ్రీజు తగలనివ్వకండి, ఉబ్బిపోతుంది. పాత జిగురు గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కొత్త సీల్‌ని సాగదీసి అతికించొద్దు, తర్వాత కుంచించుకుపోయి మూలల్లో సందు వస్తుంది. తొందరపడి సిలికాన్ మాత్రం పూయకండి, దాని మీద తర్వాత ఇంకేదీ సరిగ్గా అంటుకోదు.

స్లైడ్ కింద నేలచెక్కని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగితే ముందు ఆ చెక్క సంగతి చూడాలి.