పారిభాషిక పదం అర్థం పట్టుకోవడం ఎలా?

"సామర్థ్యం అంటే శక్తి", "ధాతువు అంటే లోహం", "వర్గం అంటే గుంపు". హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల నోట్సుల్లో ఇలాంటివి దొరుకుతాయి. మూడూ ఎక్కడో ఒకచోట ఒప్పే, కానీ ప్రశ్నపత్రం దగ్గరికొచ్చేసరికి మూడూ దెబ్బతీస్తాయి. మామూలు మాటకైతే పక్కన ఇంకో మాట రాసుకుంటే పని జరుగుతుంది. శాస్త్రంలో వాడే మాటకు, అంటే పారిభాషిక పదానికి, అలా కుదరదు. ఆ శాస్త్రంవాళ్లు దానికి గీసిన హద్దు ఎక్కడుందో తెలియాలి. ఆ హద్దు పట్టుకునే వరస ఇది. ఒక్కో పదానికి పది నిమిషాలు చాలు. కావలసిందల్లా పోస్టుకార్డంత అట్టముక్కలు, పెన్సిలు, నెట్ ఉన్న ఫోను.

1. వాక్యంతో సహా ఎత్తి రాసుకోండి

పదాన్ని ఒంటరిగా రాసుకుంటే సగం ఆధారం అక్కడే పోతుంది. వాక్యం మొత్తం, పుస్తకం పేరు, పేజీ, అచ్చయిన సంవత్సరం రాయండి. సంవత్సరం ఎందుకంటే, శాస్త్రాల్లో పేర్లు మారుతుంటాయి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత రసాయనశాస్త్రం పుస్తకంలో ఆమ్లజని, ఉదజని, నత్రజని ఉంటాయి. ఇప్పటి పాఠ్యపుస్తకంలో అవే ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్. సంవత్సరం చూడనివాళ్లు ఒకే వాయువుకు రెండు కార్డులు రాస్తారు.

2. ఏ శాస్త్రమో తేల్చండి

"వర్గం" తీసుకోండి. గణితంలో ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేది వర్గం: 7 వర్గం 49. వ్యాకరణంలో క, ఖ, గ, ఘ, ఙ ఐదూ కలిసి క వర్గం. జంతుశాస్త్రంలో వర్గీకరణలో రాజ్యం తర్వాతి మెట్టు వర్గం. సాలీడు, రొయ్య, బొద్దింక మూడూ ఆర్థ్రోపొడా వర్గమే. సామాజికశాస్త్రంలోకి వెళ్తే కార్మిక వర్గం, మధ్యతరగతి వర్గం.

ఏది ఎక్కడిదో పదం చెప్పదు, చుట్టుపక్కల మాటలు చెబుతాయి. దగ్గర్లో మూలం, సమీకరణం ఉంటే గణితం. పరుషాలు, సరళాలు ఉంటే వ్యాకరణం. జాతి, ప్రజాతి, కుటుంబం ఉంటే జీవశాస్త్రం. సమ్మేళనం కూడా అంతే: రవీంద్రభారతిలో జరిగితే కవులది, పరీక్షనాళికలో జరిగితే మూలకాలది.

3. సమాసాన్ని తోక నుంచి విప్పండి

పొడుగాటి పదాన్ని చివరి నుంచి చదవాలి. కిరణజన్య సంయోగక్రియ: క్రియ, ఏం క్రియ? సంయోగ క్రియ, అంటే కలిసే క్రియ, దేనివల్ల? కిరణాల వల్ల. ఇలా విప్పితే పదం భయం పోతుంది, గుర్తూ ఉంటుంది.

విప్పగా వచ్చిందే నిర్వచనం అనుకోవద్దు. వ్యుత్పత్తి చెప్పేది పేరు పెట్టినవాడి ఆలోచన మాత్రమే. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. పద్దెనిమిదో శతాబ్దంలో లవోయిజర్ ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉంటుందనుకుని అలా పేరు పెట్టాడు, మనవాళ్లు ఆ పేరునే తెలుగు చేశారు. తీరా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ రెండే. పేరు తప్పయినా వాయువు వాయువే కదా, వాడుక ఆగలేదు.

4. జంట పదాన్ని వెతకండి

ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే, తొందర పడొద్దు. పారిభాషిక పదం దాదాపు ఎప్పుడూ ఇంకో పదం పక్కన నిలబడి ఉంటుంది. ఆ రెండో దాన్ని కూడా పట్టుకుంటే హద్దు దానంతటదే కనబడుతుంది.

అణువు, పరమాణువు చూడండి. ఒక నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. అంటే పాఠ్యపుస్తకంలో పరమాణువు చిన్నది, అణువు వాటి కూర్పు. కానీ పత్రికలు అణుబాంబు, అణువిద్యుత్ అని రాస్తాయి. అక్కడ శక్తి వచ్చేది పరమాణు కేంద్రకం నుంచి. పత్రికల మాట వాడుకలో స్థిరపడింది, దాన్ని దిద్దబోవడం వృథా. రసాయనశాస్త్రం కార్డు మీదికి మాత్రం రానివ్వకండి.

పని, శక్తి, సామర్థ్యం మూడింటినీ విడదీయాలంటే అంకెలు వేయాలి. 10 కిలోల బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని కోఠి బస్టాపులో అరగంట కదలకుండా నిలబడితే, మెడ నొప్పి పుట్టినా భౌతికశాస్త్రం లెక్కలో ఆ సంచి మీద జరిగిన పని సున్నా, స్థానభ్రంశం లేదు. అదే సంచిని 2 మీటర్లు పైకెత్తితే 10 × 9.8 × 2, మొత్తం 196 జౌళ్ల పని. ఆ పని చేయగలిగే గుణం శక్తి, కొలత జౌళ్లలోనే. 4 సెకన్లలో ఎత్తితే 196ను 4తో భాగించి 49 వాట్లు. అది సామర్థ్యం, అంటే పని జరిగే రేటు. వాటర్ ట్యాంకు మీద "సామర్థ్యం 500 లీటర్లు" అని రాసి ఉండేది వేరే సామర్థ్యం.

ఛందస్సులో లఘువుకు జంట గురువు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. "రాముడు" గురువు, లఘువు, లఘువు కాబట్టి భగణం. "సత్యము" కూడా భగణమే. స పొట్టిదే అయినా దాని తర్వాత సంయుక్తాక్షరం ఉండటం వల్ల గురువవుతుంది. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఇదే లఘువు కర్ణాటక సంగీతంలోకి వెళ్తే జంట మారిపోతుంది: అక్కడ తోడు ద్రుతం. ఆది తాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్కింపు కలిసి లఘువు, 4 అక్షరకాలాలు, తర్వాత రెండు రెండుగా రెండు ద్రుతాలు, మొత్తం 8. జాతిని బట్టి లఘువు 3, 4, 5, 7, 9 దేనికైనా మారుతుంది. ఛందస్సు కార్డులోని "ఒక మాత్ర"ను తాళానికి వేస్తే లెక్క తలకిందులే.

5. నిఘంటువులను వరసలో చూడండి

ముందు ఆ పుస్తకం చివరి పదసూచిక. తర్వాత ఆ శాస్త్రానికి ప్రత్యేకించిన పదకోశం. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ ఇలాంటివి వేసింది, హిమాయత్‌నగర్‌లో వాళ్ల కార్యాలయం. పెద్ద నిఘంటువు చివర. ఆంధ్రభారతి సైటులో ఒక్కసారి వెతికితే చాలా నిఘంటువుల జవాబులు వరసగా వస్తాయి, చిక్కు కూడా అక్కడే: "రసం" కొడితే చారు, పాదరసం, శృంగారాది రసాలు, ఆయుర్వేదంలోని మొదటి ధాతువు అన్నీ ఒకే చోట గుమిగూడతాయి. రెండో మెట్టు దాటకుండా ఇక్కడికొస్తే మొదట కనబడ్డదే రాసేసుకుంటాం.

6. హిందీ, ఉర్దూ చొరబాటు చూసుకోండి

హైదరాబాద్‌లో ఈ మెట్టు తప్పదు. హిందీలో ధాతు అంటే లోహం. తెలుగు పాఠ్యపుస్తకంలో ధాతువు అంటే లోహాన్ని లాభసాటిగా తీయగల ముడి ఖనిజం. వ్యాకరణంలో క్రియకు మూలరూపం. హిందీ వీడియో చూసి తెలుగులో పరీక్ష రాసేవాళ్లు ఇక్కడ జారతారు.

భూమి కాగితాల్లో డబ్బే పోవచ్చు. నిజాం కాలపు రెవెన్యూ మాటలు తెలంగాణలో ఇంకా నడుస్తున్నాయి: భూమి, పంట వివరాలు రాసే రికార్డు ఆంధ్రవైపు అడంగల్, ఇక్కడ పహాణీ, చెరువు కడుపులోని భూమి శిఖం. కొలతల్లో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. కాగితంలో "2-20" ఉంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. సెంట్లకు (సెంటు అంటే ఎకరంలో నూరో వంతు) అలవాటుపడ్డ కళ్లు దాన్ని 2.20 ఎకరాలుగా చదువుతాయి. తేడా 12 గుంటలు, 1,452 చదరపు గజాలు. ఆ గుర్తు డాషో చుక్కో అని రెండుసార్లు చూడటం కంటే, గుంటలా సెంట్లా అని అడిగేయడం మేలు.

7. చేతిపని మాటైతే చూపించమనండి

పోచంపల్లిలో మగ్గం ముందు నిలబడి "పడుగు అంటే అర్థం ఏంటి?" అని అడిగితే "దారమే" అంటారు. "పడుగు ఏది, పేక ఏది, చూపించండి" అనండి. మగ్గానికి నిలువునా బిగించినది పడుగు, అడ్డంగా పోయేది పేక అని వేలు పెట్టి చూపిస్తారు. వృత్తి పదాలు ఊరూరికీ మారతాయి కాబట్టి ఊరి పేరూ రాయండి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చేపట్టిన మాండలిక వృత్తి పదకోశం ఈ పద్ధతికి మంచి నమూనా; 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయానిది.

8. కార్డు రాయండి

పై మూలన శాస్త్రం పేరు, కింద పదం. తర్వాత ఒకే వాక్యంలో నిర్వచనం, జంట పదం, అవునన్న ఉదాహరణ ఒకటి, కాదన్న ఉదాహరణ ఒకటి, దొరికిన చోటు. కాదన్న ఉదాహరణను చాలామంది వదిలేస్తారు, పదం తెలిసిందో లేదో బయటపడేది దానితోనే. గణితంలో ప్రమేయం కార్డు చూడండి: మొదటి సమితిలోని ప్రతి మూలకానికీ రెండో సమితిలో ఒకే ఒక్క మూలకాన్ని జతచేసే సంబంధం. అవును: ప్రతి విద్యార్థికీ అతని హాల్‌టికెట్ నంబరు. కాదు: ప్రతి విద్యార్థికీ అతని స్నేహితులు. "నా ప్రమేయం లేదు" అన్నప్పటి ప్రమేయానికి వేరే కార్డు.

కాదన్న ఉదాహరణ తోచకపోతే నిర్వచనాన్ని పెన్సిలుతోనే ఉంచి నాలుగో మెట్టుకు వెళ్లండి. సాధారణంగా జంట పదమే ఆ ఉదాహరణను ఇస్తుంది.