స్పామ్ వస్తోందని దేశం డొమైన్ మొత్తాన్నీ బ్లాక్ చేయకుండా ఏం చేయాలి?

అడ్రస్ చివర ఒక్కో దేశానికీ ప్రాంతానికీ కేటాయించిన రెండక్షరాలే దేశం డొమైన్. పసిఫిక్‌లోని టోకెలావ్ దీవులకిచ్చిన డాట్ టీకే పేర్లు ఏళ్ల తరబడి ఉచితంగా దొరికాయి కాబట్టి స్పామర్లు ఎగబడ్డారు. విసుగొచ్చిన అడ్మిన్లు మెయిల్ సర్వర్‌లో ఒక్క లైన్ రాసి డాట్ టీకే అడ్రస్‌లన్నిటికీ తలుపు మూసేశారు. పని తేలికే గానీ దాంతో మంచివాళ్ల మెయిల్స్ కూడా పోతాయి. పైగా చివరి రెండక్షరాలు పంపినవాళ్ల దేశాన్ని చెప్పవు. డాట్ ఏఐ కరీబియన్ దీవి అంగ్విలాది, డాట్ టీవీ పసిఫిక్‌లోని టువాలు దేశానిది. వాడేవాళ్లు మాత్రం ప్రపంచమంతా ఉన్నారు.

ముందు మెయిల్ పూర్తి హెడర్, అంటే అది వచ్చిన దారిని చెప్పే వివరాలు తెరవండి. పంపినవాళ్ల అడ్రస్ ఎవరైనా దొంగగా పెట్టొచ్చు. పంపిన డొమైన్ అసలుదేనా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షలు మూడూ ఫెయిలైతే ఆ డొమైన్ యజమానికి ఈ మెయిల్ సంగతే తెలియకపోవచ్చు. పంపిన కంప్యూటర్ నంబరు, అంటే ఐపీ అడ్రస్ కోసం హెడర్‌లో మీ సర్వర్ రాసుకున్న రిసీవ్డ్ లైన్‌నే నమ్మండి. దాని కిందివి కల్పించినవి కావచ్చు.

తర్వాత డొమైన్ రిజిస్ట్రేషన్ రికార్డు, అంటే హూఇజ్ చూడాలి. ఏ దేశం డొమైన్‌ను ఏ రిజిస్ట్రీ (నిర్వహణ సంస్థ) నడుపుతోందో ఇంటర్నెట్ పేర్ల పట్టిక చూసే ఐఏఎన్‌ఏ వాళ్ల రూట్ డేటాబేస్‌లో ఉంటుంది; చాలావాటికి హూఇజ్ సర్వర్ పేరు కూడా అక్కడే దొరుకుతుంది. యజమాని పేరు కోసం వెతికి లాభం లేదు. 2018 మేలో యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక చాలా రికార్డుల్లో అది కనపడటం లేదు. పేరు దాచినంత మాత్రాన దొంగ అనుకోకండి. నిజానికి పనికొచ్చేది నమోదు తేదీ. నిన్నగాక మొన్న పుట్టిన డొమైన్ నుంచి వేల మెయిల్స్ వస్తుంటే అనుమానించాల్సిందే. రిజిస్ట్రార్ (డొమైన్ పేరు అమ్మిన సంస్థ) పేరు, నేమ్ సర్వర్లు, ఫిర్యాదుల అడ్రస్ ఉంటే రాసి పెట్టుకోండి. ఈ రికార్డుల విషయంలో దేశం డొమైన్లకు ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధనలు వర్తించవు, ఎవరి పద్ధతి వాళ్లది. హూఇజ్ సరిగా లేదని దేశం డొమైన్లనే జాబితాకెక్కించిన ఆర్‌ఎఫ్‌సీ-ఇగ్నరెంట్ అనే బ్లాక్‌లిస్ట్ 2012లో మూతపడింది.

స్పామర్ల జాబితాలు నడిపే స్పామ్‌హాస్ దగ్గర ఆ డొమైన్ పేరును డీబీఎల్ జాబితాలో, ఐపీని జెన్ జాబితాలో వెతకండి. దొరికితే ఆ ఒక్క డొమైన్‌నో ఐపీనో ఆపి, పూర్తి హెడర్‌తో రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు పంపండి.

అయినా ఆ దేశం డొమైన్ మీద అనుమానం తీరకపోతే స్పామ్ వడపోసే స్పామ్‌అసాసిన్ సాఫ్ట్‌వేర్‌లో దానికి ఒకటో రెండో పాయింట్లు కలపండి. మామూలుగా 5 పాయింట్లకు చేరితేనే స్పామ్ అంటుంది కాబట్టి మంచి మెయిల్ బతికిపోతుంది. తిరస్కరించాల్సి వస్తే మాత్రం చప్పుడు చేయకుండా పారేయొద్దు, మెయిల్ తీసుకోబోమని చెప్పే 550 కోడ్‌తో కారణం రాసి వెనక్కి పంపండి. పొరపాటున ఇరుక్కున్నవాళ్లు మిమ్మల్ని వేరే దారిలోనైనా అడుగుతారు.